దరఖాస్తు ఫలించనప్పుడు: కర్త, సాధనం, దైవం

ఉద్యోగాల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుని, పదుల కొద్దీ దరఖాస్తులు పంపి, ఒక్కదానికీ జవాబు రాని మనిషి ఆ వైఫల్యానికి కారణం ఎక్కడ వెతుక్కోవాలి అన్నది పైకి కొత్త ప్రశ్నలా కనిపించినా, భారతీయ దర్శనాలు శతాబ్దాలుగా వాదించుకుంటూ వచ్చిన ప్రశ్నకే అది ఇప్పటి రూపం. చేసిన పనికి ఫలం రానప్పుడు లోపం పనిలో ఉందా, చేసినవాడిలో ఉందా, వాడిన సాధనంలో ఉందా, లేక వీటికి అందని దైవంలో ఉందా అని నైయాయికులు, మీమాంసకులు, ఇతిహాసకర్తలు తలా ఒక తీరున ఆలోచించారు. ఆ ఆలోచనల్లో ఇవాళ్టి ఉద్యోగార్థికి అక్కరకు వచ్చేదేది, అతనికి చెప్పకూడని చోట చెబుతున్నదేది అన్నదే ఇక్కడి విచారణ.

విచారణకు పాకాల లాంటి ఊరు అనువైనది. తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే రైలు మార్గం నుంచి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరం వెళ్లే మార్గం చీలేది ఇక్కడే కాబట్టి, మీటరు గేజి రోజుల నుంచీ పని కోసం మనుషులు వచ్చిపోవడం ఈ ఊరికి అలవాటే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన ఈ మండలంలోనే దామలచెరువు మామిడి మండీలు ఉన్నాయి. కాయ దిగే నెలల్లో ఆ మండీల్లో దొరికే పనికి దరఖాస్తు అక్కర్లేదు. మేస్త్రీ నోటిమాటగా కబురు పెడితే మనుషులు వస్తారు, ఎవరిని పిలిచారో, ఎవరిని వదిలేశారో, ఏ తగాదా వల్ల వదిలేశారో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. ఆ పద్ధతిలో న్యాయం ఉందని కాదు. అన్యాయం చేసినవాడికి ఒక ముఖం ఉంటుందని మాత్రమే. అలా మండీ పనికి వెళ్లేవారి ఇంట్లో డిప్లొమా గానీ డిగ్రీ గానీ పూర్తిచేసిన పిల్లకో పిల్లాడికో పని రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల్లోనో, సత్యవేడు దగ్గరి శ్రీసిటీలోనో, బెంగళూరులోనో, చెన్నైలోనో ఉంటుంది. అక్కడ మేస్త్రీ లేడు, తెలిసినవాళ్లూ లేరు. ఫోన్‌లో వెబ్‌సైట్ ఉంటుంది.

ఈ రెండు పద్ధతుల నడుమ ఒక కాలంలో ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి ఉండేది. 1945లో సైన్యం నుంచి విడుదలయ్యేవారికి పని చూపడానికి మొదలైన ఆ వ్యవస్థ తర్వాత అందరికీ తెరుచుకుంది. ఖాళీలను ఎక్స్ఛేంజికి తప్పనిసరిగా తెలపాలని 1959లో చట్టం కూడా వచ్చింది. చదువు పూర్తికాగానే జిల్లా కేంద్రానికి వెళ్లి కార్డు రాయించుకోవడం, గడువు దాటకుండా రెన్యువల్ చేయించుకోవడం, సీనియారిటీ వస్తుందని ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఆ తరం నిరుద్యోగికి బాగా తెలిసిన బాధలు. పిలుపు వచ్చేలోపే వయసు మీరినవారూ ఉన్నారు. అయినా ఆ నిరీక్షణలో ఒక ఊరట ఉండేది: వరస ఒకటి ఉందని, అందులో తనకంటే ముందు కొందరు ఉన్నారని మనిషికి తెలిసేది. 1997లో నౌక్రీ డాట్ కామ్ రావడం మొదలు, ఎక్స్ఛేంజిల పనిని ఆన్‌లైన్‌లోకి తెచ్చే ఉద్దేశంతో కేంద్రప్రభుత్వం 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ప్రారంభించేదాకా జరిగిన మార్పులో వేగం పెరిగింది, దూరం తగ్గింది, వరస మాత్రం కంటికి కనబడకుండా పోయింది.

వెబ్‌సైట్ ఏం అడుగుతుందో, అడిగినదాన్ని ఏం చేసుకుంటుందో దగ్గరగా చూడకుండా తత్త్వం మాట్లాడటం దండగ కాబట్టి ఆ సంగతి ముందు చూడాలి. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఉంటాయి. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాడికి ఇక్కడే చిక్కు మొదలవుతుంది: పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, తమిళ అలవాటు కలిసిన సరిహద్దు కుటుంబాల్లో అయితే ఆ పొడి అక్షరం ఇంటిపేరుది కాక తండ్రి పేరుది అవుతుంది. తర్వాత ప్రస్తుత జీతం, ఆశించే జీతం, నోటీసు గడువు అడుగుతుంది. ఎన్నడూ జీతం తీసుకోనివాడు అక్కడ సున్నా పెట్టాలి. రెజ్యూమెను ముందుగా చదివేది చాలాచోట్ల మనిషి కాదు, అందులోని మాటలను విడదీసి గడుల్లో సర్దే సాఫ్ట్‌వేర్. ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో అందంగా రెండు వరుసల పట్టికలో కొట్టిచ్చిన రెజ్యూమెను అది అడ్డదిడ్డంగా చదివి, చదువు ఉండాల్సిన చోట చిరునామాను పెట్టినా అభ్యర్థికి తెలియదు. సంస్థ తరఫున వెతికే రిక్రూటర్ ఇన్నేళ్ల అనుభవం, ఈ ఊరు, ఈ నైపుణ్యం అని వడపోత పెడతాడు. వడపోతలో నిలిచినవాటిలోనూ ఈమధ్య మార్పులు చేసిన రెజ్యూమెలు పైకి వస్తాయని అభ్యర్థుల నమ్మకం, సలహాదారులు చెప్పే మాట.

ఆ నమ్మకం వల్ల ఒక వింత ఆచారం పుట్టింది. రోజూ పొద్దున్నే రెజ్యూమె తెరిచి, ఒక చుక్క తీసి మళ్లీ పెట్టి, సేవ్ నొక్కడం. ధర్మశాస్త్రం కర్మలను విభజించేటప్పుడు సంధ్యావందనం లాగా రోజూ చేయవలసినవి, మానితే దోషం వచ్చేవి నిత్యకర్మలనీ, ఒక కోరికను ఉద్దేశించి చేసేవి కామ్యకర్మలనీ అంటుంది. ఈ చుక్క తీసి చుక్క పెట్టే పని నిత్యకర్మ వేషం వేసుకున్న కామ్యకర్మ: కోరిక కోసమే చేస్తారు, అయితే మానితే పాపం తగులుతుందన్నంత భయంతో చేస్తారు. నవ్వు వచ్చే విషయమే గానీ, సాధనం ఎలా పనిచేస్తుందో తెలియని చోట మనిషి దాన్ని కర్మకాండగా మార్చుకుంటాడన్నది మతచరిత్ర అంతటా కనిపించే సంగతి.

ఇక పాత వాదంలోకి వస్తే, మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో చేసిన ప్రసంగం ఈ విషయంలో అందరికంటే సూటిగా ఉంటుంది. చిన్నప్పుడు తండ్రి ఒడిలో కూర్చుని, అన్నదమ్ములకు ఒక బ్రాహ్మణుడు బోధిస్తున్న బృహస్పతి నీతిని వినడం వల్ల నేర్చుకున్నానని ఆమె చెప్పుకుంటుంది. అంతా దైవమే చేస్తుందని చేతులు ముడుచుకున్నవాడూ, అంతా హఠం అంటే కారణం లేని యాదృచ్ఛికం అనుకునేవాడూ ఇద్దరూ చెడ్డారని, పురుషకారం అంటే మనిషి చేసే ప్రయత్నమే మెచ్చదగినదని ఆమె వాదం. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. రైతు దున్ని, విత్తి, వానకోసం ఎదురుచూస్తాడు. వాన కరుణించకపోతే అందులో రైతు తప్పు లేదు అంటుంది. ప్రయత్నాన్ని అంతగా పొగిడిన మనిషే, ఫలం రాని ప్రయత్నం చేసినవాణ్ని నిందించకూడదని కూడా అనడం గమనించదగినది. అనుశాసనపర్వంలో ధర్మరాజు ఇదే ప్రశ్న వేసినప్పుడు భీష్ముడు పురుషకారాన్ని క్షేత్రంతో, దైవాన్ని బీజంతో పోల్చిన పాత సంవాదం వినిపించాడు. యోగవాసిష్ఠం ఇంకా ముందుకు పోయి, దైవం అనేది వేరే ఏదీ కాదు, మునుపు చేసిన ప్రయత్నమేనని తేల్చేసింది. వీళ్లందరికీ అవతలి ఒడ్డున ఆజీవక మతస్థుడు మక్ఖలి గోసాలుడు నిలబడి, మనిషి ప్రయత్నానికి ఏ శక్తీ లేదని, జరిగేదంతా నియతి అనే ఏర్పాటు ప్రకారమే జరుగుతుందని బుద్ధుడి కాలంలోనే బోధించాడు.

వర్షాధారపు సేద్యమే దిక్కైన రాయలసీమలో ద్రౌపది చెప్పిన రైతు మాటకు ఎవరూ వ్యాఖ్యానం రాయనక్కర్లేదు. అందుకే కాబోలు, ఉద్యోగం రాని పిల్లలతో పెద్దలు అదే బాణీలో మాట్లాడతారు: నీ ప్రయత్నం నువ్వు చేశావు, పైవాడి దయ లేదు, తలరాత అంతే. ఆ మాటలో ఓదార్పు ఉంది, పొరపాటూ ఉంది. వెబ్‌సైట్ వాన లాంటిది కాదు, చెరువు తూము లాంటిది. వానను ఎవరూ నడపరు. తూమును నీరుగంటి తెరుస్తాడు, మూస్తాడు. పొలానికి నీళ్లు రాకపోతే రైతు వరుణుణ్ని ప్రార్థించే ముందు నీరుగంటి ఇంటికి వెళతాడు. రెజ్యూమెల వడపోతను ఎవరో ఒకరు రాశారు, ఎవరో కొన్నారు, ఏ గడికి ఎంత విలువో ఎవరో నిర్ణయించారు. కంటికి కనబడనంత మాత్రాన అది దైవం ఖాతాలోకి పోదు.

ఈ తేడాను పట్టుకోవడానికి న్యాయదర్శనం ఇచ్చే పరికరం పదునైనది. గౌతముడి న్యాయసూత్రాల్లో రెండో అధ్యాయంలో ఒక ఆక్షేపణ ఉంది: పుత్రుడు కావాలనుకున్నవాడు ఫలానా ఇష్టి, అంటే యాగం, చేయాలని వేదం చెబుతుంది, చేసినవారిలో కొందరికి కొడుకు పుట్టడం లేదు, కాబట్టి వేదం అబద్ధం. దానికి సూత్రకారుడి సమాధానం, ఫలం రాకపోవడానికి కారణం కర్మలోనో, కర్తలోనో, సాధనంలోనో ఉన్న వైగుణ్యం, అంటే లోపం అని. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఒక్కొక్కదాన్నీ విప్పి చెప్పాడు: క్రియ జరగవలసిన తీరున జరగకపోతే కర్మ వైగుణ్యం, చేసేవాడు తెలియనివాడో నడవడి సరిలేనివాడో అయితే కర్తృ వైగుణ్యం, హవిస్సు శుద్ధి చేయనిదైనా, మంత్రంలో అక్షరమో స్వరమో తగ్గినా, దక్షిణగా ఇచ్చిన ధనం తప్పుదారిలో వచ్చినదైనా సాధన వైగుణ్యం. ఈ సమాధానం వేదప్రామాణ్యాన్ని ఎలాగైనా కాపాడే ఎత్తు అని, ఏ వైఫల్యానికైనా ఏదో ఒక వైగుణ్యం చూపి తప్పించుకోవచ్చని ఎత్తిపొడిచేవారి మాటలో బలం ఉంది. అయినా ఇక్కడ కావలసింది నైయాయికుడి తీర్పు కాదు, అతని వరస: ఫలం రానప్పుడు మూడు చోట్ల వెతకాలి, ఆ మూడింటిలో కర్త ఒకడు మాత్రమే.

పాకాల ఉద్యోగార్థి ఇంట్లో ఈ వెతుకులాట రెండు చోట్లే జరుగుతుంది. ఇంగ్లీషు రాదు, మార్కులు చాలలేదు, చొరవ లేదు అని మొదట కర్తను తప్పుపడతారు. అక్కడ లోపం దొరక్కపోతే ఒక్క గెంతులో గ్రహస్థితి దాకా పోతారు. నడుమనున్న సాధనాన్ని ఎవరూ పట్టి చూడరు. చూడవలసినంత లోపం అందులో ఉందనడానికి దాఖలాలు ఉన్నాయి. రెజ్యూమెలను తనంతట తాను తూచే సాఫ్ట్‌వేర్ తయారు చేయాలని అమెజాన్ సంస్థ 2014లో పూనుకుంది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన, ఎక్కువగా మగవాళ్లు పంపిన రెజ్యూమెల నుంచి నేర్చుకున్న ఆ సాఫ్ట్‌వేర్ ‘మహిళల’ అనే మాట కనిపిస్తే విలువ తగ్గించింది, రెండు మహిళా కళాశాలల పట్టభద్రులను కిందికి నెట్టింది. సరిదిద్దినా భరోసా కుదరక సంస్థ ఆ ప్రయత్నాన్ని వదిలేసిందని 2018 అక్టోబరులో రాయిటర్స్ బయటపెట్టింది. తిరుపతిలో 1983 నుంచి ఉన్న శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివిన అమ్మాయి రెజ్యూమెలో మొదటి వరుసలోనే ఆ మాట ఉంటుంది. అలాంటి యంత్రం చేతిలో ఆమె దరఖాస్తు పడితే అది ఏ జన్మ కర్మకు ఫలం? ఇది ఒక్క సంస్థ కథ అని తోసిపుచ్చడానికీ లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనంలో 88 శాతం యాజమాన్యాలు, ప్రకటనలోని అర్హతలతో అక్షరాలా సరిపోలడం లేదన్న కారణంగా తగిన అభ్యర్థులను కూడా తమ వ్యవస్థలు వడకట్టేస్తున్నాయని ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నది అభ్యర్థులు కాదు, ఆ సాధనాన్ని వాడేవాళ్లు.

మీమాంసకులకు ఒక నియమం ఉంది: ఒక విషయానికి దృష్టకారణం, అంటే కనుక్కోగలిగిన కారణం కుదురుతున్నప్పుడు అదృష్టాన్ని, అంటే ఇంద్రియాలకు అందని శక్తిని, కల్పించుకోకూడదు. యాగం చేసిన ఏనాటికో ఫలాన్నిచ్చే అపూర్వం అనే కనబడని శక్తిని ప్రతిపాదించినవారే దాన్ని వాడటంలో ఇంత పొదుపు పాటించారు. ఆ పొదుపు ఇప్పటి ఓదార్పు మాటల్లో లేదు. సాఫ్ట్‌వేర్‌లో కనుక్కోదగిన లోపం ఉండగా తలరాతను పిలవడం నాస్తికుల దృష్టిలోనే కాదు, శాస్త్రం దృష్టిలో కూడా దోషమే.

భగవద్గీత పేరుతో చెప్పే ఓదార్పు సంగతి వేరేగా చూడాలి. ఫలం మీద అధికారం లేదని చెప్పే రెండో అధ్యాయం 47వ శ్లోకం ఉద్యోగం రానివాడి చెవిన పడినన్నిసార్లు ఉద్యోగం ఇచ్చేవాడి చెవిన పడదు. ఆ శ్లోకం కర్తకు ఫలాసక్తి వదలమని చెప్పింది గానీ, ఇచ్చేవాడికి లెక్క చెప్పనక్కర్లేదని అభయం ఇవ్వలేదు. పైగా అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ కర్మ నెరవేరడానికైనా అయిదు కారణాలు చెప్పింది: అధిష్ఠానం అంటే పనికి ఆధారమైన శరీరం, కర్త, కరణాలు అంటే పనిముట్లయిన ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. వరసలో దైవం చివరిది. శంకరుడు ఆ దైవాన్ని కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకు తోడ్పడే దేవతలుగా వివరించాడు. రామానుజుడు అంతర్యామి అయిన పరమాత్మగా వివరించి అన్నిటికంటే ముఖ్యకారణం అన్నాడు. ఇద్దరూ దాన్ని మనిషికి తోడుగా నిలిచేదిగానే చూశారు, ఎవరి బాధ్యతనైనా కప్పిపుచ్చే తెరగా చూడలేదు. కరణాలంటే గీతలో ఇంద్రియాలే అయినా, కంటికి, చేతికి బదులుగా మనిషి తయారుచేసుకున్న యంత్రానికి ఆ అయిదింటిలో చోటు ఎక్కడ అని అడిగితే మూడో స్థానమే చూపాలి. అయిదో స్థానం దానికి చెల్లదు.

అలాగని మొక్కు వ్యర్థమని కాదు. ఉద్యోగం వస్తే తలనీలాలు ఇస్తామని, అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తామని, మొదటి జీతం హుండీలో వేస్తామని ఏడుకొండలవాడికి మొక్కుకునేవాళ్లు ఈ ప్రాంతంలో ఇంటికొకరు దొరుకుతారు. మొక్కు మనిషిని కూర్చోబెట్టదు, నడిపిస్తుంది. రేపు మళ్లీ దరఖాస్తు పెట్టే ఓపిక అక్కణ్నుంచి వస్తుంటే దాన్ని తప్పుపట్టడానికి తత్త్వశాస్త్రానికి పని లేదు. తప్పల్లా స్వామికి చెప్పుకోవలసినదీ సంస్థను అడగవలసినదీ కలగాపులగం చేయడంలో ఉంది.

ఉద్యోగం వెతుక్కోవడంలో మరో ధర్మసంకటం రెజ్యూమె రాయడంలోనే ఉంది. ఆత్మస్తుతి, పరనింద సమానదోషాలని తెలుగు ఇళ్లలో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కర్ణపర్వంలో దీనికి కఠినమైన ఘట్టం ఉంది: గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నవాణ్ని చంపుతానన్న ప్రతిజ్ఞ వల్ల అర్జునుడు అన్నమీదికే కత్తి దూసినప్పుడు, పెద్దవాణ్ని అవమానించడం అతన్ని చంపడంతో సమానమని చెప్పి కృష్ణుడు ఆ గండం గట్టెక్కించాడు, అవమానించిన పశ్చాత్తాపంతో అర్జునుడు ప్రాణం తీసుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్నాడు. ఇంత బరువైన సంస్కారం వెనకాల ఉన్న యువతీయువకులను, తమ గురించి తామే నాలుగు వరుసల్లో గొప్పగా రాయమని వెబ్‌సైట్ అడుగుతుంది. ఇబ్బందిపడి కొందరు ఖాళీగా వదిలేస్తారు, కొందరు ఎవరిదో చూసి దించేస్తారు. ఒకరి చేతిలోనుంచి ఒకరి చేతికి పోయిన ఆ వాక్యాల్లో కష్టించే స్వభావం, జట్టుగా పనిచేసే గుణం అందరికీ ఒకే మోతాదులో ఉంటాయి.

దీనికి జవాబు విరాటపర్వంలో దొరుకుతుంది. తెలుగులో తిక్కన చేతిలో ఆ పర్వం ఎంత ప్రాచుర్యం పొందిందో చెప్పనక్కర్లేదు గానీ, అది అయిదుగురు అన్నదమ్ములూ, వాళ్ల భార్యా పనికోసం ఒక కొలువుకు దరఖాస్తు పెట్టుకున్న కథ అన్నది అంతగా గుర్తుచేసుకోరు. ధర్మరాజు కంకుడై జూదం తెలుసునన్నాడు, భీముడు వలలుడై వంట తెలుసునన్నాడు, అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పుతానన్నాడు, నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను చూసుకుంటామన్నారు, ద్రౌపది సైరంధ్రిగా విరాటరాజు భార్య సుదేష్ణను ఆశ్రయించింది. ఎక్కడ పనిచేశారంటే ధర్మరాజు కొలువు పేరు చెప్పారు. పేరు దాచారు, విద్య దాచలేదు. రానిది వచ్చునని ఎవరూ అనలేదు. విరాటుడు కూడా మాటతో సరిపెట్టుకోక బృహన్నలను పరీక్షించాకే కూతురి చదువు అప్పగించాడు. కొలువులోకి వెళ్లేముందు పురోహితుడు ధౌమ్యుడు వాళ్లకు సేవాధర్మం, అంటే కొలువులో మెలగవలసిన తీరు, బోధించాడు. అడగకుండా సలహా చెప్పవద్దని, రాజుకు ఇష్టులమని ఆయన వాహనమో ఆసనమో ఎక్కవద్దని ఆ బోధలో ఉంది. చేతనైనదాన్ని చేతనైనంతలో చెప్పుకోవడం ఆత్మస్తుతి కాదని, అది అవతలివాడికి అందవలసిన సమాచారమని ఈ కథ నిలబెడుతుంది.

పేరు దాచి విద్య చూపిన ఆ పద్ధతికి ఇవాళ మరో అర్థం కూడా ఏర్పడింది. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పత్రికా ప్రకటనలకు సమానమైన అర్హతలతో అగ్రవర్ణ, దళిత, ముస్లిం పేర్లు పెట్టి దరఖాస్తులు పంపితే, దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. పేరు ఒక్కటే తేడా అయిన చోట ఫలంలో తేడా వస్తే, అది పూర్వకర్మ అనడానికి చాలా తెగింపు కావాలి. ప్రతివారికీ స్వధర్మం ఉందన్న గీతావాక్యాన్ని పుట్టుకతో వచ్చే కులవృత్తికి కట్టేసిన వ్యాఖ్యానాలు, పేరును బట్టి మనిషిని తూచే ఈ అలవాటుకు ఇంతకాలం అండగా నిలిచాయి. కులం శ్రమను విభజించడంతో ఆగక శ్రామికులనే విభజిస్తుందని, వృత్తి మారనివ్వకపోవడం వల్ల నిరుద్యోగానికి నేరుగా కారణం అవుతుందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించాడు. ఏ ఇంట పుట్టినవారైనా ఏ పనికైనా ఒకే గడిలో దరఖాస్తు పెట్టుకునే వీలు ఇచ్చినంతవరకు ఈ వెబ్‌సైట్లు ఏ స్మృతీ చేయని మేలు చేశాయి. చివరి పేరు గడిని తప్పనిసరి చేసి ఆ మేలును కొంత వెనక్కి తీసుకున్నాయి.

సత్యం విషయంలో అభ్యర్థి వైపు తప్పూ చిన్నది కాదు. పాకాలకు ఎంతో దూరంలో లేని కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి దొంగ కూడా జంకుతాడని చిత్తూరు ప్రాంతపు నమ్మకం. రాజకీయ నాయకులు సైతం కాణిపాకం వచ్చి ప్రమాణం చేయమని ఒకరినొకరు సవాలు చేసుకుంటారు. పై వివరాలన్నీ నిజమని రెజ్యూమె అడుగున సంతకం పెట్టడమూ ప్రమాణమే. డబ్బిచ్చి కొనుక్కున్న అనుభవ పత్రం కింద ఆ సంతకం పెట్టినవారు పాండవుల ఉదాహరణ చెప్పుకోలేరు. వాళ్లు ఉన్న విద్యకు లేని పేరు పెట్టుకున్నారు, వీళ్లు లేని విద్యకు ఉన్న పేరు పెట్టుకుంటారు. వడపోత అన్యాయంగా ఉంది కాబట్టి అబద్ధంతో దాన్ని దాటడం న్యాయమే అన్న వాదం తరచు వినిపిస్తుంది. ఆ అబద్ధం వల్ల వెనక్కి పోయేది వడపోత రాసినవాడు కాదు, పక్క ఊళ్లో నిజం రాసిన మరో అభ్యర్థి. ఆ వాదం నిలవదు.

దొరికిన పని ఎలాంటిది అన్నది బౌద్ధం వేసిన ప్రశ్న. అష్టాంగమార్గంలో అయిదోదైన సమ్యగాజీవం అంటే ఇతరులకు హాని చేయని జీవనోపాధి. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం అమ్మే వ్యాపారాలను ఉపాసకులు మానాలని బుద్ధుడు చెప్పాడు. విదేశంలో డేటా ఎంట్రీ పని అన్న మాట నమ్మి కంబోడియా వెళ్లి, అక్కడ నిర్బంధంలో సైబర్ మోసాలు చేయవలసివచ్చిన ఆంధ్ర యువకుల ఉదంతం 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేయడంతో వెలుగులోకి వచ్చింది. పని కోసం వెళ్లినవాడు మోసపోవడమే కాదు, మోసగాడిగా మార్చబడ్డాడు. అక్కడ పాపం ఎవరిదన్న ప్రశ్నకు నిర్బంధంలో చేసిన కర్మకు కర్తృత్వం ఎంత అన్న లోతైన చర్చ అవసరం. దానికి ముందు మాత్రం, విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదైనవాడో కాదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవడం, దరఖాస్తుకు గానీ ఇంటర్వ్యూకు గానీ డబ్బు అడిగిన ఎవరికీ ఇవ్వకపోవడం అవసరం. తప్పుదారిలో అడిగిన దక్షిణ కూడా సాధన వైగుణ్యమే.

సాధనం మనిషి చేసినదైతే దానికి జవాబు చెప్పేవాడు కూడా ఉండాలి. న్యూయార్క్ నగరం ఉద్యోగుల ఎంపికలో వాడే సాఫ్ట్‌వేర్‌కు ఏటా పక్షపాత పరీక్ష జరగాలని, దాన్ని వాడుతున్నట్టు అభ్యర్థికి ముందే తెలపాలని చట్టం చేసి 2023 జులై నుంచి అమలు చేస్తోంది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టం ఇలాంటి వ్యవస్థలను అధిక ప్రమాదం ఉన్నవాటిగా వర్గీకరించింది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన సమాచారం ఏమైందో అడిగే హక్కును, దాన్ని సరిదిద్దించుకునే హక్కును గుర్తించింది గానీ, యంత్రం తనను ఎందుకు తిరస్కరించిందో చెప్పమనే హక్కును ప్రత్యేకంగా ఇవ్వలేదు. దరఖాస్తులు పిలిచినవాడు తిరస్కరణకు కారణం ఒక్క వాక్యంలోనైనా రాసి పంపాలన్న నిబంధన కనీసం ప్రభుత్వ పోర్టళ్లలోనైనా రావాలి. అది వచ్చేదాకా, పాకాలలో గానీ మరెక్కడ గానీ, జవాబు రాని దరఖాస్తును చూసి పిల్లల జాతకం తీసే పెద్దలు అంతకుముందు వాళ్ల రెజ్యూమెను ఒకసారి తీసి చూడాలి.